డీప్ ఫ్రీజర్‌లోని 118 ట్యూబులకి రికార్డు రాయడం: నా అనుభవం

శ్రీకాకుళం ఊరి బయట హైవే పక్కన మా కాలేజీ ల్యాబ్. డీప్ ఫ్రీజర్‌లో 118 ట్యూబులు. ఒక్కోదాంట్లో ఒక ప్రమోటరో (జీనుని ఆన్ చేసే ముక్క), ఆర్‌బీఎస్సో (రైబోజోమ్ అతుక్కునే చోటు), జీనో, టెర్మినేటరో (జీను చదవడం ఆగే చోటు) మోస్తున్న ప్లాస్మిడ్‌తో, అంటే చిన్న గుండ్రటి డీఎన్ఏతో, ఇ.కోలై బాక్టీరియా గ్లిసరాల్ స్టాక్. ఈ డీఎన్ఏ ముక్కల్నే పార్టులంటాం. కొన్ని ఎమ్మెస్సీ ప్రాజెక్టుల్లో తయారైనవి, కొన్ని బయటి ల్యాబుల నుంచి తెచ్చుకున్నవి. వీటన్నిటికీ కలిపి ఒకే ఒక ఎక్సెల్ షీటు. దాన్ని వెతకగలిగే, నమ్మగలిగే పార్టుల డేటాబేస్‌గా మారుద్దామని జూన్ 9న మొదలుపెట్టాం. రెండు నెలలు చాలనుకున్నాం, ఫిబ్రవరి దాకా పట్టింది. మైనస్ 80 ఫ్రీజరు, ప్లేట్ రీడరు (కణాల మెరుపు కొలిచే మిషన్) లేని చోట ఇదే పని పెట్టుకునేవాళ్ల కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి మూడు రోజులూ లెక్కపెట్టడానికే సరిపోయాయి. ట్యూబు మీద రాత చదివి, షీటులో ఆ వరస పట్టుకుని టిక్కు పెట్టడం. మార్కర్‌తో రాసిన పేర్లు స్పిరిట్ తగిలిన చోటల్లా చెరిగిపోయి ఉన్నాయి. మా అటెండర్ ఐసు పెట్టెలోంచి ఒక్కో ట్యూబూ తీసి, తుడిచి, చేతికిచ్చేవాడు. "మేడమ్‌గారూ, దీని మీద ఏటీ రాసి నేదు. ఉంచమంటారా, పారేమంటారా?" అని ఆ మూడు రోజుల్లో 21 సార్లు అడిగాడు. పేరు తెలియని ట్యూబుని సీక్వెన్సింగ్‌కి (డీఎన్ఏ అక్షరాలు చదివించడానికి) పంపి కనుక్కోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఏ యాంటీబయాటిక్ మీద పెంచాలో తెలియదు, ఏ ప్రైమర్ (చదవడం మొదలుపెట్టించే పొట్టి డీఎన్ఏ ముక్క) పట్టుకుంటుందో తెలియదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరి దగ్గర నుంచి ఏ షరతుల మీద వచ్చిందో తెలియదు. ఆ 21నీ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు పెట్టి పారేశాం. వాటిలో ఒక్కో దాని వెనక ఎవరో ఒకరి ఒక సెమిస్టరు ఉంది. ఆ రోజు మధ్యాహ్నం ఎవరికీ అన్నం సయించలేదు.

లేబుళ్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మొదట బిల్లులు కొట్టే ప్రింటర్ స్టిక్కర్లు వాడాం. చూడ్డానికి చక్కగా వచ్చాయి. అది వేడికి నల్లబడే కాగితం. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచేసరికి ఒకచోట నల్లగా, ఒకచోట తెల్లగా తయారై అక్షరాలు పోయాయి. రిబ్బన్ నుంచి సిరా బదిలీ అయ్యే రకం లేబుళ్లు హైదరాబాద్ నుంచి రావడానికి 12 రోజులు పట్టింది, 3,200 రూపాయలు అయ్యింది. అవి వచ్చేదాకా పని నడిపించింది కాగితం టేపు మీద పెన్సిల్ రాత. స్పిరిట్‌కి పెన్సిల్ చెరగదు. ఇప్పటికీ మూత మీద నంబరు పెన్సిల్‌తోనే రాస్తున్నాం.

మిగిలిన 97 ట్యూబులని బతికున్నాయో లేదో చూడటానికి జూన్ మూడో వారంలో యాంటీబయాటిక్ కలిపిన మీడియా ప్లేట్ల మీద గీశాం. స్టాకు కరిగించకూడదు. పైన గడ్డకట్టిన మంచుని లూప్‌తో గీరి, వెంటనే ట్యూబు వెనక్కి పెట్టేయాలి. క్లోరాంఫెనికాల్ మిల్లీలీటరుకి 25 మైక్రోగ్రాములు, కెనమైసిన్ 50, యాంపిసిలిన్ 100. ప్లేటుని ఎనిమిది భాగాలు చేసుకుంటే మీడియా ఆదా అవుతుంది. షీటులో రాసిన యాంటీబయాటిక్ మీద పెరగనివాటిని మిగతా రెండిటి మీదా గీస్తే ఆరు లేచాయి. అంటే షీటులో ఆ గడి తప్పు. చివరికి 88 పెరిగాయి, 9 చచ్చిపోయాయి. అవి తలుపు దగ్గరి అరలోవి. వేసవిలో కరెంటు పోయిన ప్రతిసారీ ముందు కరిగేది ఆ అరే. మైనస్ 20లో స్టాకు ఏళ్ల తరబడి ఉంటుందని నమ్ముకోకూడదు. అందుకే ఈసారి ప్రతి ప్లాస్మిడ్ డీఎన్ఏని కాస్త ఆరబెట్టి, మూత బిగించి, సిలికా జెల్ డబ్బాలో బయటే ఇంకో నకలు పెట్టుకున్నాం. ఆరిన డీఎన్ఏకి కరెంటుతో పని లేదు.

జులై 1 నుంచి మినీప్రెప్‌లు, అంటే బాక్టీరియా నుంచి ప్లాస్మిడ్ డీఎన్ఏ తీయడం. కిట్టు, మీడియా, ప్లేట్లు అన్నీ కలిపి 14 వేల దాకా అయ్యాయి. ఇక సీక్వెన్సింగ్. ప్లాస్మిడ్‌లో చొప్పించిన ముక్క 700 బేసుల (డీఎన్ఏ అక్షరాల) లోపుంటే ఒక్క రియాక్షన్ చాలు. అంతకు మించితే రెండు వైపుల నుంచీ చదివించాలి. మా 88లో 61కి ఒకటి, 27కి రెండు, మొత్తం 115 రియాక్షన్లు. ఒక్కోటి 400, పైన 18 శాతం జీఎస్టీ, 54,280 రూపాయలు. మొదటి విడతలో 40 శాంపిళ్లు పంపాం. వారం రోజుల్లో ఫలితాలు ఇస్తామన్నారు, వచ్చేసరికి 19 రోజులు పట్టింది. అందులో 13 ఫెయిలు.

తప్పు మాదే. రెండు కారణాలు. ఒకటి, కొన్ని ప్రెప్‌లలో చివరికి డీఎన్ఏని టీఈ బఫర్‌లోకి దింపాం. అందులోని ఈడీటీఏ మెగ్నీషియంని పట్టేసుకుంటుంది, సీక్వెన్సింగ్ ఎంజైము నడవదు. నీళ్లలో దింపాలి. రెండోది, డీఎన్ఏ ఎంత ఉందో కొలిచే నానోడ్రాప్ మిషన్ మైక్రోలీటరుకి 120 నానోగ్రాములు చూపించిందని ధైర్యంగా పంపాం. ప్రెప్‌లో ఆర్ఎన్ఏ మిగిలిపోతే మిషన్ దాన్ని కూడా డీఎన్ఏ కిందే లెక్కేస్తుంది. డీఎన్ఏని పొడవుని బట్టి గీతలుగా (బ్యాండ్లుగా) విడదీసే జెల్ మీద చూస్తే అసలు బ్యాండు సన్నగా ఉంది. మళ్లీ పంపినందుకు ఇంకో 6,136 రూపాయలు. రెండో విడత నుంచి జెల్ ఫొటో లేకుండా ఏదీ కొరియర్ ఎక్కలేదు. ట్యూబు మూతలకి పారాఫిల్మ్ చుట్టడం కూడా అప్పుడే నేర్చుకున్నాం. ఐసు అక్కర్లేదు, ప్లాస్మిడ్ రెండు రోజుల ఎండకి ఏమీ కాదు. మూత లీకైతేనే శాంపిలు పోతుంది.

ఆగస్టు అంతా ట్రేసులు చదవడంతో గడిచింది. కంపెనీ రెండు ఫైళ్లు పంపిస్తుంది, ఒకటి అక్షరాలు, ఇంకోటి ట్రేసు, అంటే శిఖరాల బొమ్మ. మొదట్లో అక్షరాల ఫైలుని షీటులోని సీక్వెన్స్‌తో పోల్చి, పది చోట్ల ఒక్క బేసు తేడా ఉందని కంగారుపడ్డాం. శిఖరాలు తెరిచి చూస్తే అందులో నాలుగు 750 బేసులు దాటాక వచ్చినవే. అక్కడ శిఖరాలు బల్లపరుపుగా సాగిపోయి, రెండు జి అక్షరాలని మూడుగా చదివింది సాఫ్టువేరు. మొదటి 40 బేసులు కూడా అంతే, నమ్మడానికి లేదు. తీరా తేలిన లెక్క ఇది: 88లో 71 రికార్డుతో అచ్చంగా సరిపోయాయి, ఆరింటిలో నిజంగానే ఒక్క బేసు తేడా, నాలుగు రెండేసి చొప్పున ఒకదానితో ఒకటి తారుమారైనవి, ఏడు పూర్తిగా వేరే.

ఆ ఏడూ ఒకటే. జె04450, అంటే ఎర్ర ప్రోటీను తయారుచేసే సర్క్యూట్. పీఎస్‌బీ1సీ3 అనే బ్యాక్‌బోన్‌లో (మన ముక్కని చొప్పించే ప్లాస్మిడ్‌లో) ముందుగా దాన్ని పెట్టి ఉంచేదే గుర్తు కోసం. మన ముక్క చేరితే ఎరుపు పోతుంది, బ్యాక్‌బోన్ కోత పడకుండా మిగిలిపోతే కాలనీ ఎర్రగా వస్తుంది. మరి ఎందుకు కనపడలేదు? అప్పట్లో ఆ ప్రాజెక్టులు చేసినవాళ్లు 16 గంటలకే ప్లేటు ఇన్‌క్యుబేటర్ నుంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టేశారు. అప్పటికి రంగు పూర్తిగా దిగదు, కాలనీ లేత గోధుమ రంగులో ఉంటుంది. ఇంకో ఎనిమిది గంటలు ఆగి ఉంటే ఏడు ప్రాజెక్టుల రాత మారేది.

తారుమారైన నాలుగింటి లేబుళ్లు సరిచేస్తే చేతిలో ఉన్నవి 71, 6, 4, వెరసి 81. ఫ్రీజర్ పెట్టెలో ఉండేవి కూడా తొమ్మిది తొమ్మిదులు 81 గడులే. ఈ పనిలో మాకు కలిసొచ్చింది ఆ ఒక్కటే.

సెప్టెంబరులో అసలు డేటాబేస్. సిన్‌బయోహబ్ అనే పార్టుల డేటాబేస్ సాఫ్టువేరుని మా 4 జీబీ డెస్క్‌టాప్ మీద ఎక్కిద్దామని రెండు వారాలు కుస్తీ పట్టాం. దాని వెనకుండే వర్చుయోసో డేటాబేస్‌కే మెమరీ చాలలేదు. వందలోపు పార్టులకి అంత బరువు అక్కర్లేదు కూడా. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలు ఒకటి, పార్టుకో జెన్‌బ్యాంక్ ఫైలు (సీక్వెన్స్, దాని వివరాలు ఉండేది), తనిఖీలకి డీఎన్ఏ లెక్కల పైథాన్ కోడైన బయోపైథాన్. ఖర్చు సున్నా. పార్టుల వివరాలు పంచుకునే ఫైలు పద్ధతి ఎస్‌బీఓఎల్‌లోకి తర్వాత ఎగుమతి చేసుకోవచ్చని, ప్రతి పార్టు రకానికీ సీక్వెన్స్ ఆంటాలజీ (డీఎన్ఏ ముక్కల రకాల ప్రామాణిక జాబితా) నంబరు మాత్రం మొదటి రోజే పెట్టేశాం: ప్రమోటర్‌కి 0000167, ఆర్‌బీఎస్‌కి 0000139, కోడింగ్ ముక్కకి (జీనుకి) 0000316, టెర్మినేటర్‌కి 0000141. ఆరు నెలల తర్వాత కూర్చుని "ఇది ప్రమోటరా, ఆపరేటర్ కూడా కలిసిందా" అని గుర్తుచేసుకోవడం కన్నా ఇది తేలిక.

పాత షీటులో చేసిన పెద్ద తప్పు, డిజైనూ ట్యూబూ కొలతా ఒకే వరసలో ఉండటం. "బలమైన ప్రమోటర్" అని రాసుంటే అది కాగితం మీది మాటో, ఈ ట్యూబులో కొలిచిందో తెలిసేది కాదు. అందుకని మూడు పట్టికలు చేశాం. పార్టు అంటే సీక్వెన్స్ మాత్రమే. శాంపిల్ అంటే ట్యూబు: ఏ పెట్టె, ఏ గడి, ఏ స్ట్రెయిన్ (బాక్టీరియా రకం), ఏ తేదీ, ఏ ట్రేసు ఫైలు. మూడోది కొలత. ఒక పార్టుకి ఎన్ని ట్యూబులైనా, ఒక ట్యూబుకి ఎన్ని కొలతలైనా ఉండొచ్చు. ఒక్క బేసు తేడా వచ్చిన ఆరింటినీ పాత పేరు కింద సర్దేయకుండా కొత్త నంబర్లిచ్చి "ఫలానాదాని రూపాంతరం" అని కలిపాం. ఈ విషయంలో మాలో మాకే రెండు రోజులు వాదన జరిగింది. "ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా" అన్నవాళ్లకి జె23100 చూపించాం. అది 35 బేసుల ప్రమోటర్. జె23114 కూడా 35 బేసులదే, తేడా కొద్ది అక్షరాల్లోనే. ఇలాంటి పార్టులన్నిటి జాబితా అయిన ఐజెమ్ రిజిస్ట్రీ కొలతల్లో మొదటిదాని బలం 1 అయితే రెండోదానిది 0.10. నంబరులో అర్థం పెట్టకూడదన్నది కూడా అప్పుడే తీర్మానించాం. పేరులో "స్ట్రాంగ్" అని ఉన్న ఒక పార్టు కొలిస్తే అడుగు నుంచి రెండోది.

ఎక్సెల్ నుంచి ఎక్కించేటప్పుడు జరిగింది ఎంత చెప్పినా తక్కువే. పాత షీటులో, పార్టులు వచ్చిన కిట్టులోని ప్లేటు నంబరు, గడి పేరు కలిపి రాసుకున్నారు. ఒకటో ప్లేటు, ఇ వరస, 5వ గడి అంటే 1ఇ5. ఎక్సెల్‌కి అది 1 పక్కన అయిదు సున్నాలు, లక్ష! ఇ వరసలో ఉన్నవన్నీ లక్షలూ కోట్లూ అయి కూర్చున్నాయి. మా ప్లేటు నంబర్లు ఒంటి అంకెలు కావడంతో వెనక్కి లాక్కోగలిగాం. పదో ప్లేటు ఉండి ఉంటే 10ఇ4, 1ఇ5 రెండూ లక్షే, ఏది ఏదో బ్రహ్మదేవుడికి కూడా తెలిసేది కాదు. "మైనస్ 35 బాక్సు మార్చింది" అని మైనస్ గుర్తుతో మొదలయ్యే వ్యాఖ్యల్ని ఫార్ములా అనుకుని తప్పు చూపించింది. విద్యార్థుల పేర్లు తెలుగులో రాసుంటే, మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసిన చోట ప్రశ్నార్థకాలు మిగిలాయి. యూటీఎఫ్-8 అని ఉన్న సీఎస్‌వీ ఎంచుకోవాలి, అన్ని గడుల్నీ ముందే టెక్స్టుగా మార్చుకోవాలి. ప్లేటూ వరసా గడీ వేర్వేరు నిలువు వరసల్లో ఉంచితే అసలు గొడవే లేదు.

ఆపైన తనిఖీ స్క్రిప్టు. మా పార్టులు ఎక్కువగా ఎంఐటీలో టామ్ నైట్ 2003లో ప్రతిపాదించిన బయోబ్రిక్ (అన్నిటికీ ఒకే రకం చివర్లు పెట్టి అతికించే) పద్ధతివి. కాబట్టి సీక్వెన్స్ లోపల ఎకో ఆర్ వన్, ఎక్స్‌బా వన్, స్పీ వన్, పీఎస్‌టీ వన్, నాట్ వన్ అనే ఎంజైములు కోసే చోట్లు ఉండకూడదు. ఈ చోట్లు డీఎన్ఏ రెండు తంతువుల మీదా ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక తంతువు చూస్తే చాలు. కానీ గోల్డెన్ గేట్ అనే ఇంకో అతుకు పద్ధతికి వాడే బీఎస్ఏ వన్ అలా కాదు, రెండో తంతువు కూడా చూడాలి. మా మొదటి స్క్రిప్టు చూడలేదు, నాలుగు పార్టులకి తప్పుగా "పనికొస్తుంది" అని రాసింది. పరీక్ష తప్పిన పార్టుని మేం తీసేయలేదు, జెండా పెట్టి ఉంచాం. ఏ పద్ధతికి పనికిరాదో తెలిస్తే వాడేవాళ్లు వేరే పద్ధతి చూసుకుంటారు.

పార్టుకి రెండు చివర్లా కోత చోట్లున్న తోకలు తగిలిస్తారు. వాటిలో ముందు తోక విషయంలో ఒక మెలిక ఉంది, ఇది చాలామందికి తెలియదు. కోడింగ్ పార్టులకి బయోబ్రిక్ ముందు తోక రెండక్షరాలు పొట్టిగా, టి-సి-టి-ఎ-జి దగ్గర ఆగిపోతుంది. ఎక్స్‌బా వన్ చోటుకి కావలసిన చివరి ఎ, జీను మొదట్లో ఉండే ఎ-టి-జి నుంచే వస్తుంది. జి-టి-జితో మొదలయ్యే జీనుకి ఈ పొట్టి తోక తగిలిస్తే ఎక్స్‌బా వన్ చోటు మాయం, ఎంజైము ఎంత పోసినా కోత పడదు. మా దగ్గర అలాంటిది ఒకటి దొరికింది. దాన్ని చేసిన అమ్మాయి నోటు పుస్తకంలో "ఎంజైము పాడైంది" అని మూడుసార్లు రాసుకుంది, పాపం. అందుకే తనిఖీ పార్టు ఒక్కదాని మీద కాదు, రెండు తోకలూ తగిలించిన మొత్తం మీద నడవాలి.

ఒక అంకె తేడా ఇంకోచోట కాటేసింది. జెన్‌బ్యాంక్ ఫైలు 1 నుంచి లెక్కపెడుతుంది, పైథాన్ 0 నుంచి. చేత్తో రాసిన ఎగుమతి కోడులో ఇది మరిచిపోతే ప్రతి జీనూ మొదటి ఎ పోగొట్టుకుని టి-జితో మొదలైంది. కోడింగ్ ముక్క మూడుతో భాగించబడాలి, స్టార్టుతో మొదలై స్టాపుతో ముగియాలి, మధ్యలో స్టాపు రాకూడదు అని నాలుగు వరసల తనిఖీ పెట్టాక ఇలాంటివి ఎక్కించేటప్పుడే పట్టుబడుతున్నాయి. కలిపి కట్టిన పార్టులకి పొడవు లెక్క కూడా మంచి తనిఖీ. బి0015 టెర్మినేటర్ తీసుకోండి: లోపలి రెండు ముక్కలు 80, 41, మధ్యలో అతుకు 8, మొత్తం 129. ఇది 121 చూపించిందంటే ఎవరో అతుకు మరిచిపోయి కంప్యూటర్‌లోనే అతికించారన్నమాట.

ఒకే సీక్వెన్స్ రెండు పేర్లతో ఉందేమో చూడటానికి చెక్‌సమ్ (సీక్వెన్స్ నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య) వాడాం. తొమ్మిది నకళ్లు దొరికాయి, 81 ట్యూబులు 72 పార్టులయ్యాయి.

అక్టోబరులో మూడు కొత్త ప్రమోటర్లు చేశాం. ఇంత చిన్నవాటిని సింథసిస్‌కి పంపక్కర్లేదు. ఒక్కోదానికి 58 బేసుల ఒలిగోలు (పొట్టి ఒంటి తంతువు డీఎన్ఏలు) రెండు తెప్పించి, 95 డిగ్రీల నుంచి నెమ్మదిగా చల్లారిస్తే అంచులతో సహా జతపడతాయి. బేసుకి 10 రూపాయల చొప్పున మూడింటికీ పన్నుతో 4,106 అయ్యింది. మొదటి లైగేషన్‌లో (బ్యాక్‌బోన్‌కి అతికించడంలో) ఒక్క కాలనీ రాలేదు. ఒలిగోల చివర ఫాస్ఫేటు ఉండదు, అడిగితేనే పెడతారు. మేం బ్యాక్‌బోన్ ఫాస్ఫేటు కూడా తీసేశాం, ఇక అతుక్కునేదేది? పీఎన్‌కే ఎంజైముతో ఒలిగోలకి ఫాస్ఫేటు ఎక్కించాక 40కి పైగా వచ్చాయి. నవంబరు వానల్లో ఒకసారి 9 గంటలు కరెంటు లేదు. ఫ్రీజర్ ఖాళీ జాగాల్లో ఐసు సంచులు కుక్కి, తలుపుకి "తెరవొద్దు" అని కాగితం అంటించాం. స్టాకులు బతికాయి.

కొలతల కోసం విశాఖలో ఒక ల్యాబ్ ప్లేట్ రీడర్ అడిగితే డిసెంబరు మూడో వారంలో రెండు రోజులు ఇచ్చారు, అడిగినప్పటి నుంచి ఏడు వారాలకి. మొదటి రోజు అంకెలు చెత్తబుట్టకే. ఎల్‌బీ మీడియా తనే పచ్చగా మెరుస్తుంది, బలహీనమైన ప్రమోటర్లు చేయించే పచ్చ ప్రోటీను మెరుపంతా అందులో కలిసిపోయింది. ప్లేటు అంచు గడుల్లో నీళ్లు ఆవిరైపోయాయి. రెండో రోజు ఎం9 మీడియాలో పెంచి, అంచు గడుల్లో నీళ్లు పోసి, ప్రతి ప్లేటులో జె23101 పెట్టి దాన్ని 1 అనుకుని మిగతావి లెక్కేశాం. 14 ప్రమోటర్లకి అంకెలొచ్చాయి. స్ట్రెయిన్, మీడియా, ఉష్ణోగ్రత, ప్లాస్మిడ్ కాపీల సంఖ్య లేకుండా కొలత సేవ్ కాకుండా పట్టికలోనే కట్టడి పెట్టాం. కణానికి 100 నుంచి 300 కాపీలుండే పీఎస్‌బీ1సీ3 మీది అంకెనీ, 20, 30 కాపీల బ్యాక్‌బోన్ మీది అంకెనీ పక్కపక్కన పెడితే చూసేవాళ్లని మోసం చేసినట్టే.

మొత్తం ఖర్చు ప్రయాణాలతో సహా దగ్గరదగ్గర 85 వేలు. నాలుగింట మూడొంతులకు కాస్త తక్కువ సీక్వెన్సింగ్‌కే పోయింది.

ఫిబ్రవరి 3న 75 పార్టుల రికార్డులు పక్క కాలేజీలకి తెరిచాం. వాటిలో 14కి సీక్వెన్స్ చూడొచ్చు కానీ ట్యూబు ఇవ్వలేం. మాకు ఇచ్చినవాళ్ల ఒప్పందంలో మరొకరికి పంచరాదని ఉంది. అడిగినవాళ్ల దగ్గర కూడా బయోసేఫ్టీ కమిటీ ఉండాలి. వారం తిరక్కుండా విజయనగరం నుంచి మొదటి కోరిక వచ్చింది, ఆరబెట్టిన డీఎన్ఏ పంపాం. ఎనిమిది రోజులకి ఫోను. "మేడమ్, ఎకో ఆర్ వన్, పీఎస్‌టీ వన్ పెట్టి కోస్తే రెండు బ్యాండ్లు రావాలి కదా, మూడొస్తున్నాయి. మేం తప్పు ట్యూబు తీశామా, మీరు తప్పు ట్యూబు పంపారా?"

ట్యూబు సరైనదే. అది పాత పీబీఆర్322 వంశపు ప్లాస్మిడ్, దానిలో యాంపిసిలిన్‌ని తట్టుకునే జీనులో పీఎస్‌టీ వన్ చోటు ఒకటి ఉంటుంది. మేం చదివించింది చొప్పించిన ముక్కనే, బ్యాక్‌బోన్ సీక్వెన్స్ పాత ఫైలులోది నమ్మి పెట్టుకున్నాం. ఆ ఫైలు చేసినాయన పీఎస్‌టీ వన్‌తోనే ప్లాస్మిడ్ తెంచి, తెగిన చోటు నుంచి సీక్వెన్స్ రాసుకున్నాడు. ఆరక్షరాల చోటులో అయిదు ఫైలు చివర, ఒకటి ఫైలు మొదట్లో. బయోపైథాన్ మామూలుగా సీక్వెన్స్‌ని తిన్నని తాడు అనుకుంటుంది, గుండ్రమని మనం చెప్పాలి. ఒక్క మాట, లీనియర్ కాదు అని. చెప్పాక స్క్రిప్టు ఆ చోటుని వెంటనే చూపించింది. మిగతా 74 మీద కూడా మళ్లీ నడిపితే ఇంకో రెండు బయటపడ్డాయి. "బ్యాక్‌బోన్: చదివించలేదు" అనే కొత్త గడి ఆ సాయంత్రమే చేర్చాం. 75 వరసల్లో 75కీ ఆ గడిలో ఇప్పుడు అదే రాసి ఉంది.